మా దగ్గర ఎనిమిదో నెల పిల్లలు పుట్టరు

పాపకు పళ్ళు వస్తున్నాయి. చేతికి దొరికినదల్లా కొరుకుతోంది. మొన్న నా ఫోను కవరు ఒక మూల నమిలేసింది. పిల్ల ఇంత గడుగ్గాయి అయ్యాకే నాకు ఇది రాసే ధైర్యం వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. రాస్తే పిల్లకు ఏమవుతుందోనని భయం. ఆ భయం గురించే ఈ రాత.

నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో వేబ్రిడ్జి దగ్గర పని చేస్తాను. వడ్ల లారీ వచ్చి ఎక్కితే బరువు చూసి, చీటీ కొట్టి డ్రైవరు చేతిలో పెట్టాలి. టన్నులు చూసీ చూసీ కిలోలంటే నాకు లక్ష్యం ఉండేది కాదు. అలాంటిదానికి నా కూతురు కిలో నాలుగు వందల యాభై గ్రాములతో పుట్టింది. దేవుడికి వెటకారం ఎక్కువ.

మా ఆయన వరికోత హార్వెస్టర్ నడుపుతాడు. సీజన్ మొదలైతే ఏ జిల్లాలో ఉంటాడో, ఏ పొలం గట్టున పడుకుంటాడో నాకే తెలియదు. మొదటి కాన్పు పుట్టింట్లో కదా, అందుకని నన్ను కోదాడ తీసుకెళ్ళారు. అక్కడ అమ్మ, నాన్న ఉంటారు. నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నోట్లో ముద్ద పెట్టడం దగ్గర్నుంచి అన్నీ అమ్మే చూడాలి.

కాళ్ళు వాచాయి. "కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేలే" అంది అమ్మ. తలనొప్పి పట్టుకుంది. "వేడి చేసుంటుంది, మజ్జిగ తాగి పడుకో" అంది. తాగి పడుకున్నాను. మూడో రోజుకు ముఖం కూడా ఉబ్బి, కళ్ళ ముందు మసక కమ్మింది. కోదాడ డాక్టరమ్మ బీపీ చూసి ఇంకో మాట మాట్లాడలేదు, అంబులెన్సు పిలిపించి సూర్యాపేట పంపించింది. అక్కడైతే నెల తక్కువ పిల్లల్ని చూసే వార్డు ఉందట. ఇది చదివేవాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, తలనొప్పికి మజ్జిగ తాగి ఊరుకోకండి. అంతే చెప్పగలను.

సూర్యాపేట దవాఖానలో స్ట్రెచర్ మీద ఉన్నాను. కాగితాలు రాసే అమ్మాయి "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది.

"ఏడో నెలండీ" అంది అమ్మ.

ఎనిమిదో నెల వచ్చి రెండు వారాలు దాటింది. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. ఎందుకలా చెప్పావని నేను అడగలేదు, అడగాల్సిన పని కూడా లేదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు. ఈ మాట నాకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో గుర్తులేదు. అఆలకంటే ముందే నేర్చుకుని ఉంటాను.

మొదటి వారం

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఏడుపు వినపడలేదు. "ఆడపిల్ల" అని ఎవరో అన్నారు, ఆ వెంటనే తలుపు మూసుకున్న చప్పుడు. నాలుగో రోజుకు గాని నేను లేచి నడవలేకపోయాను. గోడ పట్టుకుని నడిచి పిల్లల వార్డు కిటికీ అద్దం దగ్గరికి వెళ్ళి చూశాను. నా అరచేయి కంటే కాస్త పొడుగు, ముక్కులో సన్నటి గొట్టం, కాళ్ళు అగ్గిపుల్లలు. మణికట్టుకు కట్టిన పట్టీ మీద "బేబీ ఆఫ్ మమత" అని రాసి ఉంది. ఆ పిల్లకు ఈ లోకంలో ఉన్న పేరు నా పేరొక్కటే. నాకు ఏడుపు రావాలి, రాలేదు. ప్రేమ పొంగుకు రావాలి, అదీ రాలేదు. ఇది ఉండదు, అనుకున్నాను. అంత చల్లగా అనుకున్నాను.

అత్తమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చింది. అద్దంలోంచి ఒక్కసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఇగో బిడ్డా, ఎవలడిగినా ఏడో నెల అని చెప్పు. ఎనిమిది అనే మాట నీ నోట్ల నుంచి రావొద్దు. ఇరవై ఒకటో దినం దాటేదాక మన గల్లీల ఎవ్వలకు చెప్పను. ఇంక కడుపుతోనే ఉన్నదని అంట."

"మీరు మళ్ళీ ఎప్పుడు వస్తరు అత్తమ్మా?"

"నేను పొద్దుకొక్కపారి సూర్యాపేట బస్సెక్కితే సూసినోళ్ళు అడుగరా? ఫోన్ చేస్త తియ్యి."

అమ్మ ఎనిమిది రోజులు ఉండి వెళ్ళిపోయింది. నాన్నను చూసుకోమని అప్పజెప్పిన పక్కింటివాళ్ళు ఇక మా వల్ల కాదన్నారు. వెళ్ళేటప్పుడు నా చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ బిగించి కట్టి, వెల్లుల్లి కారం డబ్బా, నెయ్యి సీసా సంచిలో పెట్టింది. "నీళ్ళు ఎక్కువ తాగబోకు, కుట్లు చీము పడతాయి" అని మూడుసార్లు చెప్పింది. కట్టుబాట్లన్నీ నాకు వదిలిపెట్టి, మనుషులు వెళ్ళిపోయారు.

గిన్నె పట్టుకుని నడిచిన రోజులు

తల్లులకు వేరే గది ఉంది. ఎనిమిది మంచాలు. ఏడు మంచాల దగ్గర ఒక అమ్మో అత్తో ఉండేది. నా మంచం దగ్గర నా సంచి ఉండేది. మూడు గంటలకోసారి పాలు పిండి స్టీలు గిన్నెలో పట్టుకెళ్ళి, వార్డు తలుపు దగ్గర సిస్టర్‌కు ఇచ్చి రావాలి. మొదట్లో గిన్నె అడుగు నిండేది. రాను రాను అడుగు కూడా తడిసేది కాదు. నాకు నిద్ర పట్టేది కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుండేది. పక్క మంచం పెద్దావిడ కూర పెట్టబోతే వద్దని అటు తిరిగి పడుకునేదాన్ని. నాలాంటి మనిషి పక్కన ఎంతమంది ఉన్నా ఒక్కతే. అది వాళ్ళ తప్పు కాదు.

ఒక మధ్యాహ్నం మా మిల్లు ఆఫీసులో పక్క సీటు అనిత ఫోన్ చేసింది. అత్తమ్మ మాట ప్రకారం నేనింకా కోదాడలో కడుపుతో ఉన్నాను.

"అక్కా, ఎట్లున్నవ్? లోపల బిడ్డ మంచిగ తంతున్నదా?"

నా చెయ్యి పొట్ట మీద ఉంది. పొట్ట మీద కుట్లు.

"తంతున్నది" అన్నాను.

"సల్లగుండు అక్కా. లారీలు దంచుతున్నయి ఈడ, నువ్వు లేక పరేషాన్ అయితున్నం."

ఫోన్ పెట్టేసి బాత్‌రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు, ఇన్ని రోజులదీ కలిపి.

మా ఆయన పొలాల్లోంచి వీడియో కాల్ చేసేవాడు. వెనక మిషను రొద. "పాప ఎట్లుంది?" అని అరిచేవాడు. "బాగుంది" అని నేనూ అరిచేదాన్ని. ఒకసారి వచ్చి పొద్దంతా ఉండి, అద్దంలోంచి పాపను చూసి, ముఖం తుడుచుకుని వెళ్ళాడు. ఆయనకు ఏడు, ఎనిమిది లెక్కలు తెలియవు, నేనూ చెప్పలేదు. ఆయన మంచివాడు. మంచివాడైనంత మాత్రాన దగ్గర ఉన్నట్టు కాదు కదా.

పదో రోజు సుగుణ సిస్టర్ కొత్త మాట చెప్పింది. ఈమెది హుజూర్‌నగర్. పొట్టి మనిషి, గొంతు మాత్రం వార్డు చివరిదాకా వినిపిస్తుంది.

"మమతా, రేపటి నుంచి బిడ్డను నీ రొమ్ముల మీద ఏస్తం. ఒంటికి ఒళ్ళు ఆనాలె. రోజుకు ఎన్ని గంటలు అయితే అన్ని గంటలు. ఆ యేడికే పిల్ల బరువెక్కుతది, నీకు పాలు గూడ దిగుతయి."

అద్దం అవతల ఉన్నంత వరకు అది "బేబీ ఆఫ్ మమత". నా గుండెల మీద పడుకుంటే నా బిడ్డ అవుతుంది. అయిన తర్వాత పోతే?

మర్నాడు తలుపు దగ్గర "జర దగ్గుతున్న సిస్టర్" అన్నాను. "దగ్గుంటే లోపలికి రావొద్దు, తగ్గినంక రా" అంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. రెండో రోజూ దగ్గే. మూడో రోజూ దగ్గే. బిడ్డకు నేను తప్ప దిక్కు లేదు, నేను చూస్తే దొంగదగ్గు దగ్గుతున్నాను.

పట్టుబడ్డ రోజు

పదమూడో రోజు సిస్టర్ తనే తల్లుల గదికి వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"మూడు దినాలాయె. ఒక్కపారి గూడ నువ్వు దగ్గంగ నేనినలే. నా డ్యూటీ అంత చెవులతోనే నడుస్తది, ఏ మిషను మొత్తుకున్నా నాకే ఎరుక. ఏమైందో చెప్పు."

నేను ఖాళీ గిన్నె తీసి మంచం కింద పెట్టాను.

"పిల్ల ఇంక పుట్టినప్పటి బరువుకు గూడ రాలే. నీ పాలు సాల్త లేవు. మిషన్ల ఎన్ని రోజులు పెడ్తం? నువ్వు కావాలె ఆ పిల్లకు. ఎందుకు రావు?"

"ఎనిమిదో నెల బిడ్డ సిస్టర్" అన్నాను. ఆ మాట నోటితో పలకడం అదే మొదటిసారి. "మా అమ్మ ఏడు అని రాయించింది గాని ఎనిమిదో నెల. ఉండదు. నేను ఎత్తుకున్నంక పోతే నా వల్ల కాదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా తలకు కట్టిన గుడ్డ విప్పి, చెవుల్లో దూది తీసి, చెంబు నిండా నీళ్ళు ఇచ్చి తాగమంది. తాగేదాకా కదల్లేదు.

"మీ అమ్మ ఏమన్న రాయించనీ, స్కానింగుల ముప్పై మూడు వారాలని ఉన్నది. ఈడ నెలలు లెవ్వు, వారాలే. రేపు పొద్దుగాల పది గంటలకు కింద ఓపీ గదికి రా. దగ్గున్నా రా."

మర్నాడు వెళ్ళాను. అది ఇంటికి వెళ్ళిపోయిన నెల తక్కువ పిల్లల్ని మళ్ళీ తెచ్చి చూపించే రోజట. బల్ల మీద ఆరుగురు తల్లులు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఒకడు బుగ్గలు వేలాడేసుకుని ఉన్నాడు. ఇంకో పిల్ల గొంతు చించుకుని ఏడుస్తోంది. ఇవి ఆ వార్డులోంచి వచ్చిన పిల్లలంటే నమ్మబుద్ధి కాలేదు. సిస్టర్ నన్ను తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. ఒక్కొక్కరిని పిలిచి, బిడ్డను కాటా మీద పెట్టి, ఒకటే ప్రశ్న అడిగింది.

"నీ బిడ్డ ఎన్నో నెలల పుట్టిందమ్మా?"

"ఏడో నెల" అంది మొదటామె.

సిస్టర్ ఫైలు తిప్పి వేలు పెట్టి నాకు చూపించింది. ముప్పై నాలుగు వారాలు, అంటే ఎనిమిదో నెల.

"నీ కొడుకు?"

"ఏడో నెల సిస్టర్."

ముప్పై మూడు వారాలు.

మూడో ఆమె కూడా ఏడే అంది. నాలుగో ఆమె నోరు తెరిచేలోపే వెనక ఉన్న ముసలమ్మ "ఏడే, ఏడే!" అని అరిచింది. ఫైల్లో ముప్పై నాలుగున్నర. ఐదో ఆమె, ఆరో ఆమె, అందరిదీ ఏడే. ఫైళ్ళలో ఒక్కటంటే ఒక్కటి ఏడో నెలది లేదు.

సిస్టర్ నా వైపు తిరిగింది. "ఇన్నవా? నేను గిన్నేండ్ల సంది పని చేస్తున్న. మన దిక్కు ఎనిమిదో నెల పిల్ల ఒక్కతి గూడ పుట్టలే. బతికినోళ్ళందరిని ఏడు అంటరు. పోయినోళ్ళనే ఎనిమిది అంటరు. ఇగ ఎనిమిదో నెల పిల్ల యాడ బతుకుతది, నువ్వే చెప్పు?"

బల్ల మీద వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముసలమ్మ పైట సర్దుకుంది. నేను వేబ్రిడ్జి దగ్గర పని చేసే మనిషిని. లోడు ఒకటి ఉండి చీటీ మీద ఇంకొకటి రాస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్ని ఇళ్ళలో, ఇన్నేళ్ళుగా, అందరూ తప్పు చీటీలే రాసుకున్నారు. ఆ చీటీలు చూసి నేను నా బిడ్డను పద్నాలుగు రోజులు ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం లోపలికి వెళ్ళాను. జాకెట్టు విప్పించి, కుర్చీలో వెనక్కి వాల్చి, పాపను నా గుండెల మీద పడుకోబెట్టి గుడ్డతో ఇద్దర్నీ కలిపి కట్టింది సిస్టర్. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. బరువు లేదు, వేడి మాత్రం ఉంది. కాసేపటికి దాని వేలిగోరు నా మెడ కింది ఎముక మీద గీరింది. అంతే. అయినా రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను.

నాకు కూడా జబ్బేనని తెలిసాక

ఒక్క రోజులో అన్నీ మారిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. పాప రోజుకు పది గ్రాములు, పదిహేను గ్రాములు పెరుగుతోంది. నాకు మాత్రం నిద్ర లేదు, ఆకలి లేదు. పాప ఒళ్ళో ఉన్నా ఊపిరి తీసుకుంటోందా లేదా అని వేలు ముక్కు దగ్గర పెట్టి చూస్తూనే ఉన్నాను. సుగుణ సిస్టరే నన్ను పై అంతస్తులో వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బయట బెంచీ మీద గంటన్నర కూర్చున్నాం. తను డ్యూటీ అయిపోయి ఇంటికి పోవాల్సిన మనిషి.

"పిచ్చి డాక్టరా సిస్టర్?" అని అడిగాను.

"నీ బిడ్డకు కామెర్లు వస్తే లైటు కింద పెట్టినం గద. అది పిచ్చా? గిది గూడ గట్లనే ఒక జబ్బు. మందుంటది."

ఆ డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. బాలింతల్లో ఇది వస్తుందని, తగ్గుతుందని చెప్పి, పాలిచ్చే తల్లికి సరిపడే మాత్రలు రాసింది. తగ్గడానికి వారాలు పట్టింది. ఈలోగా ఇరవై ఒకటో దినం కూడా వచ్చి వెళ్ళిపోయింది. తొట్టెల లేదు, చుట్టాలు లేరు. ఆ రోజు నేను కుర్చీలో వెనక్కి వాలి, పాపను కట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ మా గల్లీలో "ఏడో నెలల కాన్పైంది, తల్లీ బిడ్డ సల్లగున్నరు" అని చెప్పుకుందట.

కిలో ఎనిమిది వందలకు ఇంటికి పంపించారు. కోదాడలో అమ్మ వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ సిద్ధం చేసింది. సుగుణ సిస్టర్ ఫోన్లోనే అమ్మను ఆపింది. "నీళ్ళు పొయ్యొద్దు పెద్దమ్మా, పొగ అసలే పెట్టొద్దు. మీ బిడ్డ రొమ్ముల మీదనే ఉంచుండ్రి. మీరు గూడ కొంచెంసేపు ఏసుకోండ్రి, ఆమె నిద్రపోతది." అమ్మ మంచం మీద కూర్చుని పాపను గుండెల మీద కట్టుకుంది. నాన్న కుడి చేత్తో దాని వీపు ముట్టుకుని అలా ఉండిపోయాడు. ఆ పూట నేను నాలుగు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మాత్రల వల్ల కావచ్చు. దాని వల్ల కూడా కావచ్చు.

మళ్ళీ ఆ బల్ల మీద

మూడో నెలలో మిర్యాలగూడ వచ్చేశాను. పాపను చూపించడానికి సూర్యాపేట వెళ్ళాల్సిన రోజు అత్తమ్మ తనూ వస్తానంది. ఇప్పుడు దాచేది ఏముంది మరి. అదే ఓపీ గది, అదే బల్ల. తలుపు దగ్గర ఒక కొత్త అమ్మాయి నిలబడి ఉంది. తలకు గుడ్డ, చేతిలో స్టీలు గిన్నె. ఆ ముఖం నాకు తెలుసు. అద్దంలో చూసుకున్న ముఖమే.

సిస్టర్ పాపను కాటా మీద పెట్టింది. "ఎన్నో నెలల పుట్టిందమ్మా?" అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

అత్తమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎనిమిదో నెల" అన్నాను. తలుపు దాకా వినిపించేలా అన్నాను.

గిన్నె పట్టుకున్న అమ్మాయి నన్ను చూసింది. తర్వాత పాపను చూసింది. చాలాసేపు పాపనే చూసింది.

తిరుగు బస్సులో అత్తమ్మ పాపను నా ఒళ్ళో పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కోపం వచ్చిందనుకున్నాను. సాగర్ కాలువ దాటాక, అటే చూస్తూ అంది.

"మీ ఆయన గూడ ఎనిమిదో నెలే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మా అమ్మకు, మంత్రసానికి, నాకు, ముగ్గురికే ఎరుక. ఇద్దరు పోయిండ్రు. మీ మామకు గూడ ఏడే అని చెప్పిన. ముప్పై ఏండ్లాయె. వాడు జ్వరమొచ్చి పండుకున్నా భయమే, మిషనెక్కి పోయినా భయమే."

"ఆ రోజు దవాఖానల నాకీ మాట చెప్పి ఉంటే అయిపోవు గద అత్తమ్మా" అన్నాను. గొంతు లేచిందేమో, ముందు సీట్లో వాళ్ళు తిరిగి చూశారు. "పద్నాలుగు దినాలు నేను నా బిడ్డను ముట్టలే."

"చెప్పాలనే వచ్చిన. నోటిదాకొచ్చింది. చెప్తే వానికేమన్నయితదేమోనని..."

నాకు కోపం తగ్గలేదు, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. కానీ ముప్పై ఏళ్ళు. నేను పద్నాలుగు రోజులకే కుప్పకూలిపోయాను.

ఇంటి ముందు ఆటో దిగేసరికి ఎదురింటి ఆవిడ వచ్చి పాప బుగ్గ పుణికింది. "ఎంత లావైందే! ఏడో నెల పిల్లంటే ఎవలన్న నమ్ముతరా?"

అత్తమ్మ మాకు వీపు పెట్టి తాళం తీస్తోంది. తాళంచెవి ఆగింది.

"ఏడు గాదు" అంది వెనక్కి తిరగకుండానే. "ఎనిమిది."

గబగబా లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దాటేసరికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. అవతల ఫోన్ ఎత్తేదాకా ఊపిరి పీల్చినట్టు లేదు.

"ఏం లేదురా, ఉత్తగనే చేసిన" అంది. "తిన్నవా?"

హార్వెస్టర్ రొద మధ్యలోంచి "తిన్ననే అమ్మా" అని ఆయన అరవడం నాకూ వినిపించింది.